మిలిటరీ ట్రక్కును క్యాంపర్‌గా మార్చుకోవడం ఎలా: గోదావరి డెల్టా వాళ్ళ కోసం

సైన్యం వాడి పక్కన పెట్టిన ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు కొని, వెనక తొట్టి దించేసి, ఆ చోట పడక, పొయ్యి, నీళ్ళ ట్యాంకు ఉన్న చిన్న గది కట్టుకోవాలని మీకు ఉంటే ఇది మీ కోసమే. లద్దాఖ్ వెళ్ళే బళ్ళ వీడియోలు చూసి అచ్చం అలాగే కట్టించుకుంటే మాత్రం మన ప్రాంతంలో ఇబ్బంది పడతారు. ధవళేశ్వరం దిగువన ఉన్నదంతా ఒండ్రు నేల. పుంత రోడ్లు, ఒకే బండి పట్టే కాలువ గట్లు, సముద్రం వైపు వెళ్ళేకొద్దీ ఉప్పు గాలి. వానాకాలం మొదలైతే దీపావళి దాటేదాకా గోడలు ఆరవు. ఈ నేలలో బరువైన బండి దిగబడుతుంది, ఈ గాలిలో పచ్చి ఇనుము తుప్పు పడుతుంది. కాబట్టి బండి తేలిగ్గా ఉండాలి, నీళ్ళు ఎక్కడా నిలవకూడదు. కింద చెప్పేవన్నీ ఈ రెండింటి కోసమే.

ముందు కాగితాలు

బండి చూడకముందే కాగితాలు చూడండి. సైన్యం వదిలించుకునే వాహనాలు ఎక్కువగా ప్రభుత్వ సంస్థ ఎమ్‌ఎస్‌టీసీ ఆన్‌లైన్‌లో నడిపే ఈ-వేలంలో అమ్ముడవుతాయి. పోర్టల్‌లో నమోదు చేసుకుని, ధరావతు కట్టి, వాళ్ళు చెప్పిన రోజుల్లో డిపోకి వెళ్ళి చూసుకోవాలి. 'ఉన్నది ఉన్నట్టు' అమ్ముతారు. కొన్నాక ఫిర్యాదు వినేవాళ్ళు ఉండరు. ఒక్కో లాటులో, అంటే కలిపి వేలం వేసే వాటాలో, నాలుగైదు బళ్ళు కూడా కలిసి ఉండొచ్చు.

లాటు వివరాల్లో మొదట వెతకాల్సింది ఒకటే: బండిని మళ్ళీ రిజిస్టర్ చేయించుకునే వీలుతో అమ్ముతున్నారా, తుక్కు కింద అమ్ముతున్నారా? తుక్కు కింద పోయేవి గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రాలకే వెళ్ళాలి. అలాంటి బండి ఎంత బాగున్నా, ఎంత చవకగా వచ్చినా అది రోడ్డెక్కదు. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దయ్యే నిబంధన వచ్చాక ఈ విషయంలో జాగ్రత్త ఇంకా పెరగాలి. దేశ రక్షణ కార్యకలాపాల్లో వాడే ప్రత్యేక వాహనాలకు అందులో మినహాయింపు ఉంది. కానీ మీరు కొనే బండి ఆ కోవలోకి వస్తుందని మీకు మీరే అనుకోవద్దు, డిపోలో రాతపూర్వకంగా అడగండి.

మాజీ సైనిక వాహనానికి అమ్మిన అధికారి ఇచ్చే ఫారం 21 (అమ్మకం ధ్రువపత్రం) ఒరిజినల్ చేతిలో ఉండాలి. దాంతో ఫారం 20 రిజిస్ట్రేషన్ దరఖాస్తు, ఇన్సూరెన్స్, ఛాసిస్ (బండి అడుగున ఉండే ఇనప చట్రం) నంబరు, ఇంజిన్ నంబరు అచ్చులు పెట్టి ఆర్టీఓ ఆఫీసుకు వెళ్ళాలి. పాత మిలిటరీ నంబరులో బాణం గుర్తు పక్కన ఉండే రెండంకెలు బండి సైన్యంలో చేరిన ఏడాది. ఆ ఏడాది కాగితాల్లో ఉన్నదానితో సరిపోతోందో లేదో అక్కడికక్కడే చూసుకోండి.

గది కట్టడానికి కూడా అనుమతి కావాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ నిర్దేశించిన రూపం నుంచి బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇలా గది ఉన్న బళ్ళకి, అంటే క్యారవాన్లకు, మన దేశంలో ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. గీసిన డ్రాయింగు, బరువు లెక్క తీసుకుని పని మొదలుపెట్టక ముందే మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ని కలవండి. బండి కట్టాక వెళ్తే ఆయన చేయగలిగేది తక్కువ. ఇప్పటికే సివిల్ రిజిస్ట్రేషన్ అయి ఎవరి దగ్గరో ఉన్న మాజీ మిలిటరీ ట్రక్కు దొరికితే, ధర కాస్త ఎక్కువైనా నేనైతే దానివైపే మొగ్గుతాను. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఇంకొకటి. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 121 ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకే పరిమితం. ఆ రంగు మీద మోజు ఉన్నా మార్చక తప్పదు. మన ఎండకి తెలుపో లేత గోధుమ రంగో వేసుకుంటే లోపల వేడి కూడా తగ్గుతుంది.

ఏ బండి కొనాలి

వేలంలో తరచుగా కనిపించేవి మూడు. జబల్‌పూర్‌లో 1959 నుంచి 1996 వరకు తయారైన శక్తిమాన్, అశోక్ లేలాండ్ స్టాలియన్, టాటా ఎల్‌పీటీఏ 713. శక్తిమాన్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ సామాన్లు వెతుక్కోవడమే ఒక ఉద్యోగం అవుతుంది. స్టాలియన్ దారి లేని చోట 5 టన్నులు మోయగల బండి. కుటుంబానికి గది కట్టుకోవడానికి అంత బండి అక్కర్లేదు, మన గట్ల మీద మలుపు తిప్పడం కూడా కష్టం. రెండున్నర టన్నుల టాటా సరిపోతుంది. ఇంజిన్ సామాన్లు విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతాయి. ముందు యాక్సిల్ (చక్రాల ఇరుసు), ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) సామాన్లు మాత్రం అంత తేలిగ్గా దొరకవు. అందుకే కొనేటప్పుడు ఫోర్ వీల్ పడుతోందో లేదో నడిపించి మరీ చూడాలి. మొత్తం బరువు 7,500 కిలోలు దాటే బండికి కారు లైసెన్స్ చాలదు, అది కూడా ముందే చూసుకోండి.

డిపోలో చూసేటప్పుడు ఒక చిన్న సుత్తి, పొడవాటి స్క్రూడ్రైవర్, టార్చి తీసుకెళ్ళండి. కింద దూరి ఛాసిస్ లాంగ్ మెంబర్ల (ముందు నుంచి వెనకదాకా ఉండే రెండు ఇనప దూలాల) పొడవునా అడుగుకొకసారి సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల తుప్పు తిన్నచోట మొద్దుగా, చచ్చుగా పలుకుతుంది. రెండు రేకులు కలిసే చోట మధ్యలో తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి, రివెట్ల పక్కన రేకు అలలా లేచి ఉంటే ఆ బండి వదిలేయండి. తర్వాత డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో గేర్లు ఉండే పెట్టె) ప్లగ్గు ఒక చుట్టు విప్పించి వేలికి నూనె అద్దుకుని చూడండి. నల్లగా ఉంటే ఫర్వాలేదు. పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్ళలో దిగినప్పుడు లోపలికి నీరు వెళ్ళిందని అర్థం, బేరింగుల ఖర్చు ధరలో తగ్గించుకోండి.

టైర్ల గుబ్బలు చూసి మోసపోకండి. నిలిపి ఉంచిన బండి టైరు అరగదు, వయసు మాత్రం అవుతుంది. పక్క గోడ మీద ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. పదేళ్ళు దాటితే మార్చడమే. లాక్ రింగు ఉండే పాత రిమ్ములైతే టైరు విప్పేముందు గాలి పూర్తిగా తీసేయాలి, గాలి పట్టేటప్పుడు ఇనప బోనులో పెట్టి పట్టాలి. ఎగిరిన రింగు ప్రాణాలు తీస్తుంది. రోడ్డు పక్క పంక్చరు షాపులో ఈ పని చేయించకండి.

తొట్టి దించి కాటాకి

బండి ఇంటికి తెచ్చాక తొట్టి దింపించి, ఉత్త ఛాసిస్‌ని వేబ్రిడ్జికి తీసుకెళ్ళండి. వరి, రొయ్యల సీమలో కాటాకి కొదవ లేదు. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఒకసారి, మొత్తం బండి ఒకసారి, మూడు చీటీలు తీసుకోండి. ఒక్కో యాక్సిల్ ఎంత మోయగలదో బండి ప్లేటు మీద ఉంటుంది. గది, సామాను, నీళ్ళు, మనుషులు అన్నీ కలిపి మోయగలిగే బరువులో మూడొంతుల్లో రెండొంతులు దాటకుండా చూసుకోండి. లారీ అప్పుడప్పుడు ఖాళీగా కూడా తిరుగుతుంది. క్యాంపర్ రోజూ లోడుతోనే ఉంటుంది, కమాన్లకి విశ్రాంతి లేదు.

14 అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు గది అనుకుందాం. నాలుగు గోడలు, పైకప్పు, అడుగు భాగం కలిపి సుమారు 490 చదరపు అడుగులు, అంటే దాదాపు 45 చదరపు మీటర్లు. మామూలు బాడీ బిల్డర్ దీనికి బయట 2 మిల్లీమీటర్ల ఇనప రేకు వేస్తానంటాడు. ఆ రేకు ఒక్కటే 700 కిలోలు. లోపల చట్రం, ప్లైవుడ్డు ఇంకా లెక్కలోకి రాలేదు. అదే 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ (రెండు పల్చటి రేకుల మధ్య నురుగు నింపిన పలక) వాడితే చదరపు మీటరుకి పది పదకొండు కిలోలు, మొత్తం గోడలు 500 కిలోల లోపు. పైగా వేడి ఆపే పొర అందులోనే ఉంది.

ఇక్కడ మనకి ఒక అనుకూలం ఉంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యలు, చేపలు ఐసుతో ఎగుమతికి తీసుకెళ్ళే ఇన్సులేటెడ్ బాక్సు బళ్ళు రోజూ చూస్తూనే ఉంటాం. వాటిని కట్టే, బాగుచేసే మేస్త్రీలకి పఫ్ ప్యానెల్ అతకడం, మూలలు నీళ్ళు చొరకుండా సీలు చేయడం చేతిలో పని. లారీ బాడీ కట్టేవాళ్ళ కంటే ముందు వాళ్ళని అడగండి.

సబ్‌ఫ్రేమ్: అన్నిటికంటే ముఖ్యమైన పని

మిలిటరీ ట్రక్కు ఛాసిస్ కావాలనే మెలి తిరిగేలా చేస్తారు. ఒక ముందు చక్రం గోతిలో పడి, అదే పక్క వెనక చక్రం గట్టెక్కినా నాలుగు చక్రాలూ నేలను వదలకుండా ఉండటానికి ఆ మెలిక కావాలి. మన గది మాత్రం గట్టి పెట్టె, అది మెలి తిరగదు. రెంటినీ నేరుగా బోల్టులతో బిగించేస్తే మొదటి వానాకాలానికే తలుపు పట్టేస్తుంది, మూలల్లో సీలు విడిపోతుంది, నీరు కారుతుంది. కొన్నాళ్ళకి ఛాసిస్సే పగుళ్ళు ఇస్తుంది. అందుకని రెండింటి మధ్య సబ్‌ఫ్రేమ్, అంటే నిచ్చెనలాంటి ఇంకో ఇనప చట్రం, ఒకటి వేయాలి.

విదేశాల్లో మూడు చోట్ల మాత్రమే ఆన్చి, ఒక చోట ఇరుసు మీద ఊగేలా పెట్టే పద్ధతి ఎక్కువ. కొండరాళ్ళ మీద తిరిగే బండికి అది మంచిదే. కానీ అందులో బరువంతా మూడు చోట్లే పడుతుంది, అక్కడ ఛాసిస్‌కి అదనపు బలం ఇవ్వాలి. మనం తిరిగేది ఎక్కువగా తారు రోడ్డు, కాలువ గట్టు, అప్పుడప్పుడు లంక దారి. దీనికి స్ప్రింగుల పద్ధతి చాలు, మన లాత్ షాపుల్లో చేయగలిగేదీ అదే.

చేసే విధానం ఇది. ఛాసిస్ రెండు లాంగ్ మెంబర్ల మీద సరిగ్గా కూర్చునేలా 100 మిల్లీమీటర్ల సి ఛానెల్‌తో రెండు పొడవాటి కమ్మీలు, వాటి మధ్య అడ్డ కమ్మీలు వేసి నిచ్చెన తయారు చేయించండి. ముందు చివరను ఏటవాలుగా కోయించాలి. కోయకుండా నిటారుగా వదిలితే ఆ అంచు పడిన చోటే ఛాసిస్ మీద ఒత్తిడి చేరి పగులు మొదలవుతుంది. ఛాసిస్‌కీ నిచ్చెనకీ మధ్య లారీల వాళ్ళు కర్ర పట్టీ వేస్తారు. మన తేమకి కర్ర నీళ్ళు పట్టుకుని కింద ఇనుమును తినేస్తుంది. పాత కన్వేయర్ బెల్టు రబ్బరు కోసి వేయండి.

వెనక యాక్సిల్ ప్రాంతంలో నిచ్చెనను గట్టి ప్లేట్లతో ఛాసిస్ లాంగ్ మెంబర్ల నిలువు రేకుకి బోల్టులు వేసి కదలకుండా బిగించాలి. ముందు సగంలో మాత్రం ఒక్కో పక్క రెండేసి చోట్ల బ్రాకెట్లు పెట్టి, పొడవాటి 16 మిల్లీమీటర్ల హైటెన్సిల్ (ఎక్కువ బలమున్న) బోల్టుకి గట్టి స్ప్రింగు తొడిగి, నైలాక్ (అదురుకి వదులవని) నట్టుతో స్ప్రింగు కాస్త నొక్కుకునేంత బిగించాలి. ఛాసిస్ మెలి తిరిగినప్పుడు స్ప్రింగు నొక్కుకుని నిచ్చెన కాస్త పైకి లేస్తుంది, మళ్ళీ కూర్చుంటుంది. పక్కలకి జరగకుండా ఛాసిస్ రెండు వైపులా గైడు ప్లేట్లు ఉండాలి. లేకపోతే మలుపులో గది పక్కకి తోస్తుంది.

వెల్డర్‌కి ముందే గట్టిగా చెప్పండి: "మేస్త్రీగారూ, ఛాసిస్ మీద వెల్డింగు వద్దండి. పైనా కిందా ఉండే అంచులకి బెజ్జాలు కూడా వద్దండి." ఉన్న బెజ్జాలు వాడుకోవాలి. కొత్తది తప్పకపోతే నిలువు రేకు మధ్య భాగంలోనే వేయాలి. నిచ్చెన వెల్డింగు బండి మీద పెట్టి చేయకుండా నేల మీద చేయించండి. అలా వీలుకాకపోతే బ్యాటరీ కనెక్షన్లు, ఆల్టర్నేటర్ వైర్లు ముందు తీయించండి.

నిచ్చెన బిగించాక గది ఎక్కించకముందే ఒక పరీక్ష చేయాలి. ఒక ముందు చక్రం కింద, దానికి ఎదురు మూల వెనక చక్రం కింద అడుగు ఎత్తు దుంగలు పెట్టి బండి ఎక్కించండి. ఇప్పుడు కింద దూరి చూస్తే ఒక పక్క నిచ్చెనకీ ఛాసిస్‌కీ మధ్య వేలు దూరేంత సందు, రెండో పక్క రబ్బరు నొక్కుకుని కనిపిస్తాయి. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలిపోయి ఉంటే స్ప్రింగు పొట్టిదని అర్థం, మార్చాలి. కేబిన్ వెనక గోడకి, నిచ్చెన మీద గది వచ్చే చోటుకి మధ్య ఎడం నాలుగు మూలలా టేపుతో కొలిచి రాసుకోండి. చదునులో ఉన్నప్పుడు కొలిచినదానికీ దీనికీ వచ్చే తేడా కంటే ఎక్కువ సందు వదలాలి. కేబిన్ నుంచి గదిలోకి దారి కావాలంటే మడతలుగా సాగే రబ్బరు బెల్లోస్ తప్ప గట్టి గొట్టం పెట్టకూడదు.

గది, ఎత్తు, కిటికీలు

మొత్తం వెడల్పు చట్టం ప్రకారం 2.6 మీటర్లు దాటకూడదు. ఎత్తు విషయంలో చట్టం కంటే మన ఊళ్ళే కఠినం. కొబ్బరి మట్టలు, వేలాడే కరెంటు తీగలు, రైల్వే అండర్‌పాస్‌లు ఉన్నాయి కదా. నేల నుంచి సోలార్ ప్యానెల్ పైదాకా మూడున్నర మీటర్ల లోపు ఉంచుకుంటే చాలా చోట్లకి వెళ్ళొచ్చు. ఆ అంకెను కేబిన్‌లో స్టీరింగు ఎదురుగా రాసి అతికించండి.

కిటికీలు రెండు పక్కలా ఎదురెదురుగా, ఒకటి కిందగా, ఒకటి పైగా పెడితే గాలి ఆడుతుంది. పైన వెంట్ ఫ్యాను తప్పనిసరి. దోమతెర స్టీలు జాలీదే వేయించండి, సైజు సన్నగా ఉండాలి. దోమ సంగతి డెల్టా వాళ్ళకి ఒకరు చెప్పాలా. లోపల అల్మరాలకి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డే వాడండి. కోసిన ప్రతి అంచుకీ ఎపాక్సీ పూయాలి, తేమ ముందు దూరేది అక్కడే. పడక మీద పరుపు నేరుగా చెక్క మీద వేయకుండా పట్టీలు వేసి కొబ్బరి పీచు పరుపు వేస్తే అడుగున బూజు పట్టదు. మిగతా అమరిక మీ ఇంటివాళ్ళ ఇష్టం. బండి నడిచేటప్పుడు గదిలో మనుషులు కూర్చోవాలంటే మాత్రం బెల్టులున్న, ఆమోదం పొందిన సీట్లు ఉండాలి.

తుప్పు

అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్ళొచ్చిన బండి కింద భాగం ఆ రోజే మంచినీళ్ళతో కడగాలి. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే ఈ గాలికి ఆగదు. ఇనుము మెరిసేదాకా గీకి, జింక్ ఎక్కువగా ఉండే ప్రైమర్, దాని మీద ఎపాక్సీ, ఆపైన రంగు వేయండి. సబ్‌ఫ్రేమ్ కమ్మీల్లో నీరు నిలిచే ప్రతిచోటా కింద ఒక బెజ్జం ఉండాలి. అల్యూమినియం, ఇనుము నేరుగా తగిలే చోట ఉప్పు తేమ తోడైతే అల్యూమినియం పొడి పొడిగా రాలిపోతుంది, మధ్యలో రబ్బరు వాషర్ పెట్టండి. డిఫరెన్షియల్, గేర్ బాక్సు బ్రీతర్లకి (గాలి ఆడే రంధ్రాలకి) నీళ్ళు దూరకుండా గొట్టాలు తొడిగి కేబిన్ ఎత్తుకి తీసుకెళ్ళండి. గాలి బ్రేకులున్న బండికి గాలి ట్యాంకు అడుగున చేరే నీటిని రోజూ వదలాలి.

కరెంటు

మిలిటరీ బళ్ళలో ఎక్కువగా 24 వోల్టులు ఉంటాయి, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి. 12 వోల్టుల ఫ్యాను కోసం అందులో ఒక్క బ్యాటరీ నుంచి వైరు లాగకండి. ఒకటి ఎప్పుడూ నిండదు, రెండోది అతిగా నిండి ఉడుకుతుంది, రెండూ పోతాయి. 24 వోల్టులను 12కి దించే కన్వర్టర్ పెట్టాలి. గదికి వేరే బ్యాటరీ, దానికి బండి ఆల్టర్నేటర్ నుంచి డీసీ చార్జర్ ద్వారా కరెంటు ఇవ్వండి.

ఎంత కావాలో లెక్క వేద్దాం. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, ఒక్కోటి 30 వాట్లు, పది గంటలు అంటే 600 వాట్ అవర్లు. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ మన ఉక్కలో రోజుకి 600 దాకా. లైట్లు, ఫోన్లు, నీళ్ళ మోటారు కలిపి 300. మొత్తం 1,500. వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్టు, అంటే యూనిట్టున్నర. 24 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో సుమారు రెండున్నర యూనిట్లు పడతాయి. 540 వాట్ల ప్యానెల్ ఒకటి మంచి ఎండలో రోజుకి రెండు యూనిట్లు ఇస్తుంది, ముసురులో సగం కూడా రాదు. ఏసీ, ఇండక్షన్ పొయ్యి ఈ లెక్కలో ఇమడవు. అవి కావాలంటే బ్యాటరీలు రెండు మూడు రెట్లు, వాటితోపాటు బరువు. నేను వద్దంటాను. ప్రతి వైరుకీ బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు ఉండాలి.

నీళ్ళు, గ్యాస్

లీటరు నీళ్ళు కిలో బరువు. 150 లీటర్ల ట్యాంకు కింద, వెనక యాక్సిల్‌కి ముందుగా, రెండు పక్కలా సమంగా ఉండాలి. వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేస్తారు, ఆ రోజుల్లో దారిలో నీళ్ళు దొరుకుతాయని నమ్ముకుని బయల్దేరకండి. వాడిన నీళ్ళకి వేరే ట్యాంకు పెట్టండి. అది పంట కాలువలో మాత్రం వదలకండి. ఆ కాలువ నీళ్ళే దిగువ ఊళ్ళ మంచినీళ్ళ చెరువుల్లోకి వెళ్తాయి, మన బంధువులే తాగుతారు. టాయిలెట్ క్యాసెట్ (కింద ఉండే, బయటికి తీసే డబ్బా) ఇంటికొచ్చాక సెప్టిక్ ట్యాంకులోనే ఖాళీ చేయాలి.

5 కిలోల సిలిండర్ చాలు. దాన్ని గది లోపలికి తలుపు లేని, బయట నుంచి తెరిచే అరలో నిలువుగా కట్టాలి. వంట గ్యాస్ గాలి కంటే బరువు, లీకయితే అడుగున చేరుతుంది. అందుకే అర అడుగున చేతి వెడల్పు బెజ్జం బయటికి ఉండాలి, ఎగ్జాస్టు గొట్టం పక్కన కాకుండా. ఐఎస్‌ఐ ముద్ర ఉన్న ట్యూబే వాడండి. తలుపు పక్కన డ్రై పౌడర్ మంటలార్పే సిలిండర్ వేలాడదీయండి.

మొదటిసారి రోడ్డు మీద

నీళ్ళు నింపి, సామాను సర్ది, అందరూ కూర్చుని మళ్ళీ కాటాకి వెళ్ళండి. అవే మూడు చీటీలు. ఎడమ చక్రాలు, కుడి చక్రాలు కూడా విడిగా తూచి, ఒక పక్క బరువెక్కితే బ్యాటరీనో అల్మరానో రెండో పక్కకి మార్చుకోండి.

మొదటి ప్రయాణానికి 216 నంబరు జాతీయ రహదారి మంచిది. కాకినాడ నుంచి అమలాపురం, రాజోలు మీదుగా చించినాడ వంతెన దాటి నరసాపురం వైపు వెళ్తే వంతెనలు, ఊళ్ళు, మలుపులు అన్నీ తగులుతాయి, ఏదైనా తేడా వస్తే మెకానిక్కు కూడా దగ్గరే ఉంటాడు. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళను గోదావరి దాటించే పడవ) ఎక్కించాలన్న సరదా ఉంటే ముందు రేవు వాళ్ళకి మీ కాటా చీటీ చూపించి అడగండి, వాళ్ళు వద్దంటే బతిమాలకండి. వాన పడిన గట్టు మీద అంచుకి వెళ్ళకండి. ఎదురు బండి వస్తే వెనక్కి తీసుకోవడమే మేలు. ఇసుకలో దిగేముందు టైర్లలో గాలి తగ్గించాలి, రోడ్డెక్కగానే మళ్ళీ గాలి పట్టుకోవాలి, కాబట్టి కంప్రెసర్ బండిలోనే ఉండాలి. జాకీ కింద వేయడానికి రెండడుగుల చదరం మందపాటి చెక్క కూడా తీసుకెళ్ళండి. లేకపోతే ఒండ్రులో బండి పైకి లేవదు, జాకీయే కిందకి పోతుంది.

వంద కిలోమీటర్లయ్యాక ఒకసారి, ఐదొందలయ్యాక ఒకసారి సబ్‌ఫ్రేమ్ బోల్టులు, కమాను యూ బోల్టులు, చక్రాల నట్లు టార్క్ రెంచితో బిగించండి. బిగించిన ప్రతి నట్టు మీద నుంచి బ్రాకెట్ దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. ఆ తర్వాత రోజూ పొద్దున్నే చుట్టూ తిరిగి చూస్తే చాలు, గీత విరిగిన చోట నట్టు వదులైనట్టే.